ఆ చివర నిలబడ్డ మనిషి

గెడ్డవలస, మన్యం
ఆగస్టు మొదటివారం

ఒసే సుమిత్రా,

నా ఫోను ఇక్కడ టైము చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు. సిగ్నలు కావాలంటే కొండ దిగి సంత దాకా పోవాలి. అందుకని కాగితం, కలం పట్టుకున్నాను. సంతరోజు ఆసుపత్రి జీపు కిందికి వెళ్తుంది, దాంతో ఇది పోస్టాఫీసుకి చేరుతుంది. నువ్వూ ఇలాగే రాయి. చిలకలగూడలో పక్కపక్క ఇళ్ళలో ఉండి గోడ మీంచి అరుచుకునే మనకి ఇదొక శిక్ష.

జూన్‌లో మా పిల్ల నీహారిక సామాను సర్దిపెట్టి వచ్చేద్దామని బయల్దేరినదాన్ని, మా డాక్టరమ్మ వంట చూసి ఇక్కడే ఉండిపోయాను. పగలంతా అది ఆరోగ్య కేంద్రంలో రోగులతో ఉంటుంది. నేను క్వార్టరు వరండాలో కూర్చుని వాన చూస్తాను. వచ్చిన దగ్గర్నుంచీ చుట్టూ కొండలున్నాయని వినడమేగాని చూసింది లేదు. అంతా మబ్బు. పాలగ్లాసులో కూర్చున్నట్టుంటుంది.

నిన్న పొద్దున్న మబ్బు విడిపోయింది. ఎవరో దుప్పటి లాగేసినట్టు ఒక్కసారిగా. నా ఎదురుగా లోయ. లోయకి అవతల ఒక పొడుగాటి కొండగట్టు, ఏనుగు పడుకుంటే దాని వీపులాగా. దాని మీద సన్నటి కాలిబాట. ఆ బాట చివర మూడు పెద్ద బండలు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు.

చేతిలో కాఫీ ఒలికిపోయింది సుమిత్రా. నేనా గట్టుని ఎరుగుదును. నువ్వూ ఎరుగుదువు. మన పదహారో ఏట, స్టేషను దగ్గరి హాల్లో, నేల టిక్కెట్టు కొనుక్కుని ఎన్నిసార్లు చూశామో లెక్కలేని ఆ గట్టే. "వలిసెల లోయ" సినిమా తీసింది ఇక్కడే! నీహారికని అడిగితే, "ఏమోనమ్మా, ఏదో పాత సినిమా తీశారని మా నర్సు చెప్పింది" అంది, తాపీగా.

మబ్బు మళ్ళీ కమ్మేసింది. అయినా నేను అటే చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

నీ
ఝాన్సీలక్ష్మి


చిలకలగూడ, సికింద్రాబాద్
ఆగస్టు చివర

ఝాన్సీ,

నీ ఉత్తరం చదువుతూ గ్యాసు మీద పాలు పొంగిపోనిచ్చాను. స్టవ్ కడుగుతూ కూడా నవ్వుతూనే ఉన్నాను.

నిజంగా ఉందా ఆ చోటు? నేను ఇన్నేళ్ళూ అది మద్రాసులో ఏ స్టూడియోలోనో అట్టలతో కట్టి ఉంటారని ఒక మూల అనుమానపడుతూనే ఉన్నా. అంత అందం భూమ్మీద ఉండి, మనం ఇక్కడ చిలకలగూడ గల్లీల్లో బతికామంటే ఒప్పుకోబుద్ధి కాలేదు.

మన మేడ మీద నిలబడితే ఏం కనిపించేది చెప్పు? ఎదురింటి వాళ్ళు ఆరేసిన చీరలు, వాటి వెనక ఇంకో మేడ. మన చూపు ఎటు పోయినా గోడకి తగిలేది. ఆ తెర మీద మొట్టమొదటిసారి చూపు ఎక్కడా ఆగకుండా పోయింది. వలిసెపూల పసుపు, దాని మీద మంచు, మంచు మీద ఆకాశం. అంత చోటులో ఇద్దరే మనుషులు. ప్రేమంటే అంత చోటు కావాలి కాబోలు అనుకున్నా. మాట కూడా లేదు, గుర్తుందా? వంతెన కొలతలకి వచ్చినతను తిరిగి వెళ్ళిపోతున్నాడని తెలిసి ఆ పిల్ల ఇంట్లోంచి బయటికి వస్తుంది. ఆ గట్టు మీద, మంచులో, ఒక్కతే నడుస్తుంది. పాట లేదు, డైలాగు లేదు. ఎక్కడో దూరం నుంచి తీశారు. చీమంత మనిషి. అయినా హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఇప్పుడు ఫోనులో దొరికే కాపీలో ఆ నడక లేదు. ఎవరో కత్తిరించేశారు. అయినా అదే పెట్టుకుని, ఆ చోటు రాగానే కళ్ళు మూసుకుంటా. లోపల మొత్తం నడుస్తుంది.

నువ్వు ఆ గట్టు మీదికి వెళ్ళు. వెళ్ళి కాళ్ళకింద మట్టి ఏ రంగో నాకు రాయి.

ఇక్కడ అంతా బాగానే ఉంది. సైనిక్‌పురిలో మా అమ్మాయి కల్పలత, పిల్లలు బాగున్నారు. వంట తగ్గించాను, ఒక్క గిన్నెలో అయిపోతుంది.

నీ
సుమిత్ర


గెడ్డవలస
సెప్టెంబరు

సుమిత్రా,

మట్టి ఎర్రది. తడిస్తే ఇటుకపొడి రంగు. కాని నేను గట్టు మీదికి వెళ్ళలేదు, నా మోకాళ్ళ సంగతి నీకెరుకే. గట్టు మీంచి దిగివచ్చిన మనిషి కాళ్ళకున్న మట్టి చూసి చెబుతున్నాను.

ఆవిడ పేరు బాలమ్మ. మన ఈడుకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. బి.పి. మాత్రల కోసం ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నా వరండాలో కూర్చుని ఆయాసం తీర్చుకుని వెళ్తుంది. మొన్న నేను గట్టు చూపించి, "అక్కడ సినిమా తీశారు, తెలుసా బాలమ్మా?" అని అడిగాను.

"ఎందుకు తెలవదమ్మా. ఆ గట్టు మీద నడిసింది నానే కదా."

"నువ్వా? నడిచింది ఆ సినిమా హీరోయిన్ కదా."

"ఆయమ్మకి జొరం. గుడారంలో ముసుగెట్టి పడుకుంది. మబ్బు మల్లీ ఇలాగ రాదని ఆ సినిమా తీసే పెద్దాయన గోల. నన్ను సూసి, ఈ పిల్ల పొడుగు సరిపోద్ది, కోక కట్టండన్నారు. కట్టేరు. నడిసినాను."

అంత మామూలుగా చెప్పింది. సంతకెళ్ళి ఉప్పు తెచ్చాను అన్నట్టు. సినిమా చూశావా అంటే తల అడ్డంగా ఊపింది. ఎవరూ చూపించలేదట. తనూ అడగలేదట.

నువ్వు ఎగిరి గంతేస్తావని వెంటనే రాస్తున్నాను. మన ఇద్దరికీ ప్రాణం పోసిన నడక, నా వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతోంది!

అన్నట్టు, నీ ఉత్తరంలో మీ ఆయన, మా సదాశివ అన్నయ్య, ఊసే లేదు. ఒక్క గిన్నెలో వంట అయిపోవడమేమిటి? ఆయన పప్పు ఉంటే పులుసు, పులుసు ఉంటే పచ్చడి అడిగే మనిషి కదా.

ఝాన్సీ


చిలకలగూడ
సెప్టెంబరు చివర

ఝాన్సీ,

ఆ ముసలావిడ నీతో వేళాకోళం ఆడింది. ఆ నడక వేరే వాళ్ళు నడిచారంటే నేను నమ్మను. నన్ను నమ్మమనకు.

నీకు తెలియంది కాదు గాని, ఇవాళ మళ్ళీ చెప్తా. రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేరాక, నాన్న నాకు ఖమ్మం సంబంధం ఖాయం చేసినప్పుడు, నేను తెల్లవారకముందే చిలకలగూడ నుంచి కార్ఖానా దాకా, ఆయన దగ్గరికి నడిచా. రిక్షా ఎక్కితే తెలిసినవాళ్ళు చూస్తారని. వాన. చెప్పు తెగితే చేతిలో పట్టుకున్నా. దారి పొడుగునా భయం. భయం వేసిన ప్రతిసారీ ఆ గట్టు గుర్తు తెచ్చుకున్నా. ఆ పిల్ల ఆగలేదు కదా, నేనూ ఆగను అనుకున్నా. అలా నడిచి ఆయన్ని పెళ్ళి చేసుకున్నా. ఇప్పుడు నువ్వొచ్చి, ఆ పిల్ల గుడారంలో పడుకుంది, ఇంకెవరికో చీర కట్టి నడిపించారు అంటే, నేను దేన్ని నమ్ముకుని నడిచినట్టు?

నువ్వు అడిగావు కాబట్టి అదీ రాస్తా. ఆయన ఇంట్లో లేరు. నువ్వు వెళ్ళిన నెలకే సైనిక్‌పురి వెళ్ళిపోయారు, కల్పలత దగ్గరికి. ఒకరోజు పొద్దున నేను ఫోనులో ఆ సినిమా చూస్తున్నా. ఆయన పేపరు మడిచి నా ఎదురుగా కూర్చుని, మెల్లగా అన్నారు: "సుమిత్రా, నువ్వు గీ సినిమాను జూసి పెండ్లి చేసుకున్నవ్. నన్ను జూసి కాదు."

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. నిజమేనేమో అని ఒక్క క్షణం ఆలోచించా. ఆ క్షణం ఆయన చూశారు.

మధ్యాహ్నం బ్యాగు సర్దుకుని, "పిల్లలతో నాలుగు దినాలు ఉండి వస్త" అని వెళ్ళారు. రాలేదు. ఎవరికీ చెప్పలేదు నేను. నీకు కూడా చెప్పేదాన్ని కాదు.

సుమిత్ర


గెడ్డవలస
అక్టోబరు

సుమిత్రా,

నీ ఉత్తరం వచ్చినరోజు నాకు అన్నం సయించలేదు. తిడదామనుకున్నాను, ఓదారుద్దామనుకున్నాను, రెండూ చేతకాలేదు. అందుకని బాలమ్మ చెప్పిందే రాస్తాను. ఈసారి నేను వేళాకోళమో నిజమో తేల్చుకుందామనే అడిగాను. నువ్వు ఒక్కసారి నిదానంగా చదువు.

"మంచులో దారి ఎలా తెలిసింది బాలమ్మా?" అన్నాను.

"దారెక్కడ తెలుత్తాది? అందుకే గట్టు సివర, బండలకాడ సింహాద్రిని నిలబెట్టేరు. ఆడి సేతికి తెల్లగుడ్డ ఇచ్చేరు. ఆడు ఊపుతుంటే ఆ గుడ్డ సూసుకుంటా నడవమన్నారు."

"సింహాద్రి ఎవరు?"

బాలమ్మ పమిట కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ వయసులో సిగ్గు ఎలా ఉంటుందో నేనిన్నాళ్ళకి చూశాను.

"ఆళ్ళకీ మా అన్నలకీ పడదు. ఆడితో నాను ఒక్క మాట ఆడి ఎరగను. సంతలో సూపులే. ఇప్పుడు సూడమ్మా, ఊరందరి ముందూ, మా అన్నల ముందూ, ఆడికేసి సూసుకుంటా నడవమని పెద్దమనుషులే సెప్పేరు! నడిసినాను. సగం దూరంలో సాలు, ఆగిపో అని ఎనకనించి కేకలేసేరంట. నాకు ఇనబడలేదు. ఇనబడినా ఆగుదునా?"

"మరి?"

"ఎల్లి ఆడి ముందర నిలబడ్డాను. ఆడు గుడ్డ ఊపడం మానేసి, అలిసిపోనావా అన్నాడు. అంతే. ఆ యేడే లగ్గం."

నేను చేతిలో చాట కింద పెట్టేశాను. సుమిత్రా, మనం చూసింది నటన కాదే. జ్వరంతో పడుకున్న హీరోయిన్ లేచి వచ్చినా అలా నడిచేది కాదు. ఆ చివర తనకు కావలసిన మనిషి నిలబడి ఉంటే తప్ప అలా నడవడం ఎవరివల్లా కాదు. హాలంతా ఎందుకు ఊపిరి బిగబట్టిందో నాకు ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళ తర్వాత, ఒక వరండాలో.

సింహాద్రి పోయి కొన్నేళ్ళయింది. పిల్లలు లేరు. అతని ఫొటో ఒక్కటీ లేదట. రేషన్ కార్డు మీద ఉన్నది వానకి తడిసి ముద్దయిందట. "మొకం మరుపొస్తంది తల్లీ" అంది బాలమ్మ, మాత్రల కవరు బొడ్లో దోపుకుంటూ.

సుమిత్రా, ఆ నడక ఉన్న రీలు ఎక్కడైనా బతికి ఉందేమో చూడవే. సదాశివ అన్నయ్య రైలు గార్డుగా ఉన్నప్పుడు సినిమా డబ్బాలు ఆయన బండిలోనే కదా ఊళ్ళకి వెళ్ళేవి.

ఝాన్సీ


చిలకలగూడ
నవంబరు మొదట్లో

ఝాన్సీ,

నీ ఉత్తరం పట్టుకుని సైనిక్‌పురి వెళ్ళాను. బస్సులో రెండుసార్లు చదివాను, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆయన పెరట్లో కరివేపాకు మొక్కకు నీళ్ళు పోస్తున్నారు. చిక్కిపోయారు. ఉత్తరం చేతిలో పెట్టా. కళ్ళద్దాలు తెచ్చుకుని, నిలబడే చదివారు. చదివి మడిచి నాకిచ్చి, "తిరుమల్ ఇంట్ల ఉండొచ్చు" అన్నారు. అంతే. చెప్పులేసుకున్నారు.

తిరుమల్ గుర్తున్నాడా? సినిమా డబ్బాలు స్టేషనుకు తెచ్చి రైల్లో ఈయన ఉండే గార్డు డబ్బాలోకి ఎక్కించేవాడు. వాళ్ళ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు మూతపడినప్పుడు పారేయలేక కొన్ని డబ్బాలు కార్ఖానాలో తన ఇంటి అటక మీద పడేశాడట. వాళ్ళావిడ రోజూ తిట్టిపోస్తుందట. ముగ్గురం కలిసి దింపాం. చాలావాటిలో ఫిల్ము జిగురైపోయి వెనిగర్ కంపు కొడుతోంది. మన సినిమాది ఒక్క రీలు మిగిలింది, చివరి రీలు.

తిరుమల్ ఇంటి పై వాటాలో అక్సా అని ఒక అమ్మాయి ఉంటుంది. పాత ఫిల్ములు శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. రీలు చూసి, "ఆంటీ, ప్రింట్ చాలా ముడుచుకుపోయింది. ట్రై చేస్తా, కానీ ప్రామిస్ మాత్రం చెయ్యను" అంది. ఎన్నోరోజులు పట్టింది. నిన్న ఫోను చేసి రమ్మంది. ఆయనకి నేను చెప్పాను. వస్తారో రారో అనుకున్నా. నాకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

ఝాన్సీ, గీతలు పడి, రంగు గులాబీ తిరిగిపోయి, అయినా ఉందే! మంచు ఉంది. గట్టు ఉంది. పిల్ల బయల్దేరింది. నేను ఎప్పటిలాగే ఆ పిల్లనే చూస్తున్నా. అప్పుడు అక్సా, "అంకుల్, ఇక్కడ ఏదో డ్యామేజ్ స్పాట్ ఉంది, తీసెయ్యనా?" అని తెర అంచున చూపించింది. బండల దగ్గర ఒక తెల్లచుక్క. అదురుతోంది.

ఆయన అరిచినంత పని చేశారు. "తియ్యకు బిడ్డా! అది మనిషి!"

పిల్ల నడిచి నడిచి ఆ చుక్కను చేరింది. ఇన్నిసార్లు చూశాను కదా, అక్కడ మనిషి ఉన్నాడని నా కంటికి ఎన్నడూ ఆనలేదు.

కిందికి దిగాక, కార్ఖానా రోడ్డు మీద, ట్రాఫిక్‌లో నిలబడి ఆయన అన్నారు: "నలభై ఏండ్ల సంది అందరికి జెప్తవ్ సుమిత్రా. చెప్పు తెగింది, వాన వచ్చింది, ఆగకుంట నడిచిన అని. ఆ కథల నేనేడున్న? నువ్వు వస్తనన్న దినం నాకు రాత్రి డ్యూటీ. బండి దిగి రూముకు పోలే. గదే తెల్ల యూనిఫారం మీద, గీ మూల మీదనే నిలబడ్డ. నువ్వు రావేమో అని నిలబడ్డ. తడుస్తనే ఉన్న. ఆ చివర నేనున్న సుమిత్రా."

గుర్తొచ్చింది. వానలో తెల్లగా ఏదో కనబడితే అటే నడిచాను. గట్టు గుర్తు చేసుకుని బయల్దేరినమాట నిజం. కాని కార్ఖానా చేరేసరికి నా కళ్ళ ముందు ఏ గట్టూ లేదు, ఆ తెలుపు ఒక్కటే ఉంది. ఆ మాటే చెప్పా. రోడ్డు మీద, బస్సుల హారన్ల మధ్య, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"జెర మెల్లగ, అందరు జూస్తున్నరు" అన్నారు. కాని మొహం తిప్పుకోలేదు.

రాత్రికి బ్యాగుతో ఇంటికి వచ్చారు. ఇవాళ రెండు గిన్నెల వంట.

మేమిద్దరం వస్తాం ఝాన్సీ. టిక్కెట్లు చూస్తున్నారు.

సుమిత్ర


గెడ్డవలస
నవంబరు మధ్యలో

సుమిత్రా,

త్వరగా రండి. వలిసె పూసింది. నేను వర్ణించను, నాకు చేతకాదు. పొద్దున్న తలుపు తీస్తే గదిలోకి పసుపు వెలుగు వస్తుంది, అంతే చెప్పగలను.

ఒక్క చిక్కు. బాలమ్మ భయపడుతోంది. సినిమా వస్తోందంటే రెండు రోజులు ఇటు రాలేదు. నీహారిక వాళ్ళింటికి వెళ్ళి అడిగితే, "సూత్తే ఆడు మల్లీ పోడా డాక్టరమ్మా? ఒకపాలి పోతేనే ఇంతకాలం పట్టింది" అందట. నీహారికకి ఏం చెప్పాలో తెలియక, బి.పి. చూసి వచ్చేసింది.

నువ్వు వస్తే ఒప్పిస్తావని నా ఆశ.

ఝాన్సీ


చిలకలగూడ
నవంబరు చివర

ఝాన్సీ,

నేను రావడం లేదు. అరుగు మెట్టు మీద కాలు జారింది. చీలమండ దగ్గర ఎముక చిట్లిందని పట్టీ వేశారు. నీ లోయ, నీ పూలు, ఇంత దగ్గరికి వచ్చి! రెండు రోజులు పిల్లలా ఏడ్చాను.

మూడో రోజు ఆయన చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "నేను తీస్కపోత" అన్నారు.

"మీరా? మీరు సినిమా షురూ కాంగనే పండుకుంటరు."

"గిప్పుడు పండుకోను."

పూలు మన కోసం ఆగవు, బాలమ్మ వయసూ ఆగదు. కల్పలత నా దగ్గర ఉంటుంది. ఆయన శుక్రవారం బయల్దేరుతున్నారు. అక్సా ఇచ్చిన పెన్‌డ్రైవ్ చొక్కా లోపలి జేబులో పెట్టి పిన్నీసు పెట్టాను. బాలమ్మను ఎవరూ బలవంతం చేయొద్దు. చూడనంటే అలాగే వెనక్కి తెస్తారు.

చలికి ఆయనకి దగ్గు. కొంచెం చూసుకో.

సుమిత్ర


గెడ్డవలస
డిసెంబరు

సుమిత్రా,

ఈ ఉత్తరం అన్నయ్య కంటే ముందు చేరదు. అయినా రాస్తున్నాను. రాయకపోతే నాకు నిద్రపట్టదు.

బాలమ్మను మేమెవరం ఒప్పించలేదు. అన్నయ్య వచ్చిన సాయంత్రం ఆవిడే వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. మీ ఆయన ఆవిడ పక్కనే కింద కూర్చున్నారు.

"నువ్వు తెచ్చినావంట" అంది.

"తెచ్చినమ్మా. జూస్తే జూడు, లేకుంటే లేదు. నేను మాత్రం జూసిన. ఆయన మంచిగ నిలబడ్డడు. ఒక్కసారి గూడ చెయ్యి దించలే."

బాలమ్మ గట్టు వైపు తిరిగి చూసింది. తర్వాత, "దించలేదా?" అంది.

"దించలే."

"అయితే సూత్తాను."

మర్నాడు పొద్దు వాలాక ఆరోగ్య కేంద్రం సున్నపు గోడ మీద వేశాం. ప్రొజెక్టరు కింది స్కూలు నుంచి తెచ్చారు. కరెంటు లేదు. జీపు బ్యాటరీతో నడిపించింది నీహారిక. ఊరంతా వచ్చింది. దుప్పట్లు కప్పుకుని పిల్లా పెద్దా, కుక్కలతో సహా. అన్నయ్య ల్యాప్‌టాప్ ముందు, బండి దాటించే గార్డులాగా నిటారుగా కూర్చున్నారు.

గోడ మీద గట్టు వచ్చింది. సుమిత్రా, దాని వెనకే, అదే గట్టు, నిజంది, ఇంకా కొంచెం వెలుతురులో కనబడుతోంది. రెండింటినీ ఒకేసారి చూశాను నేను. "మాయవ్వే! మాయవ్వే!" అని పిల్లలు కేకలేశారు. పెద్దవాళ్ళు ఉష్ అన్నారు. తర్వాత కింద గెడ్డలో నీళ్ళు పారే చప్పుడు తప్ప ఏమీ లేదు.

బాలమ్మ తనను తాను చూసుకోలేదు. ఒక్కసారి కూడా. మొదటినుంచీ బండల వైపే చూస్తోంది. తెల్లచుక్క కనబడగానే లేచి నిలబడింది. అలాగే గోడ దగ్గరికి నడిచింది. ఆవిడ నీడ లోయ మీద, పూల మీద, నడుస్తున్న పిల్ల మీద పడింది. చెయ్యి చాపి చుక్క ఉన్నచోట గోడ మీద పెట్టింది. చుక్క ఆవిడ చేతి వెనక మీదికి వచ్చింది. ఆ ముడతల మీద అతను నిలబడి గుడ్డ ఊపుతున్నాడు.

అన్నయ్య ఆపేశారు. ఎవరూ చెప్పలేదు. మీట నొక్కి ఆ బొమ్మని అలాగే నిలిపారు.

"నా సేతి మీదున్నాడు" అంది బాలమ్మ, మాతో కాదు. "దీపం ఆపీకు బాబూ."

"ఆపను తల్లీ" అన్నారు అన్నయ్య.

ఒక్క పిల్ల ఏడవలేదు, ఒక్క మనిషి లేవలేదు. బ్యాటరీ నీరసించి బొమ్మ తనంతట తానే పలచబడింది. అప్పుడు బాలమ్మ చెయ్యి గోడ మీంచి తీసి, అరచేయి మూసుకుని, కొంగులో దాచుకుంది. నాకేదో అయింది. భయం కాదు, ఏడుపు కాదు. గుడికి వెళ్ళినప్పుడు కలగాల్సింది, ఎప్పుడూ కలగంది, అది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే అన్నయ్యని గట్టు మీదికి తీసుకెళ్ళింది. అక్కడేం జరిగిందో నాకు తెలియదు. నేను కిందనే ఉండిపోయాను. ఆయన్నే అడుగు.

ఝాన్సీ


చిలకలగూడ
డిసెంబరు

ఝాన్సీ,

నీ ఉత్తరం ఆయన వచ్చాక చేరింది. అడగక్కర్లేకపోయింది, విను.

పట్టీ ఇంకా విప్పలేదు, కర్ర లేకుండా నడవలేను. అయినా ఆయన వచ్చేరోజు తెల్లారేసరికి కల్పలతని వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళా. "డాడీ ఆటోలో వచ్చేస్తడు కదమ్మా, ఎందుకు పరేషాన్" అంటూనే వచ్చింది పాపం. బండి ఆగింది. ఆయన డబ్బా ఆ కొస. నేను ఈ కొస. వెళ్దామంటే కాలు రాదు. సరే, స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

జనం. కూలీలు, సూట్‌కేసులు, పిల్లలు. వాళ్ళ సందుల్లోంచి ఆయన కనిపించారు, దూరంగా, చిన్నగా, మఫ్లరు కట్టుకుని. ఒకచేత్తో బ్యాగు. నన్ను చూశారు. చూసినప్పటి నుంచీ ఇక పక్కకి చూడలేదు. ఎవరో భుజానికి తగిలారు, ఆగలేదు. ఛాయ్‌వాలా అడ్డం వచ్చాడు, తప్పుకుని వచ్చారు. ఝాన్సీ, నలభై ఏళ్ళు నేను నడిచిన నడక గురించే చెప్పుకున్నాను. ఒక మనిషి మన కోసం అలా నడిచి వస్తుంటే కదలకుండా నిలబడటం ఎలా ఉంటుందో ఆ పొద్దున్న చూశాను. నడవడం తేలికే.

దగ్గరికి వచ్చి, "అన్నం తింటున్నవా సక్కగ?" అన్నారు.

ఆటో ఎక్కాం. కల్పలత ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. ఆయన ఎప్పుడూ సినిమా కథ చెప్పిన మనిషి కాదు, ఊరి కథ కూడా చెప్పరు. ఆటో కదలగానే మొదలుపెట్టారు. గట్టు కిందినుంచి ఎక్కుతుంటే చెట్లు ఎలా ఉన్నాయో, వలిసెపూలు ఆయన నడుముదాకా ఎలా వచ్చాయో, వాటి మీద మంచు ఎలా నిలిచిందో. బాలమ్మ బాట మొదట్లోనే ఒక రాయి మీద కూర్చుని, నువ్వు పో బాబూ అందట. ఈయన ఒక్కరే నడిచారట. కింద లోయలో మబ్బు, కాళ్ళ దగ్గర పూలు, తుమ్మెదల చప్పుడు.

"సగం పోయినంక భయమైంది సుమిత్రా. గంత పెద్ద ఆకాశం నేను ఎన్నడు జూడలే. గార్డు డబ్బా కిటికీల నుంచి ఎంత కనబడ్తదో గంతే ఆకాశమనుకున్న."

చేతులు తిప్పుతూ చెప్తున్నారు. మఫ్లరు జారిపోయింది. ఆయన కళ్ళలో నేను చూశానే ఆ లోయ. మన పదహారో ఏట తెర మీద చూసిన దానికంటే ఎక్కువ పసుపు.

"చివరకు పోయి, మూడు బండల కాడ నిలబడి ఎనుకకు తిరిగిన. బాలమ్మ ఇంతంత చుక్క. చెయ్యి ఊపుతున్నది. నేను గూడ ఊపిన. గప్పుడు ఏమైందంటే..."

ఆటో మన గల్లీ మలుపు తిరుగుతోంది. ఆయన చెప్పడం ఇంకా సగం కూడా కాలేదు. నేను ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టా.

"ఇక్కడ ఆపకు బిడ్డా. జెర సీతాఫల్‌మండి దాక పోయి రా."

సుమిత్ర